పూల మీది పెంకుపురుగులను చంపొద్దు

పూత మీద కనిపించిన ప్రతి పెంకుపురుగునూ చీడగా లెక్కగట్టి మందు కొట్టడం వల్ల పంటను కాచే మిత్రపురుగులు చచ్చిపోతున్నాయి. మెలిరిడే కుటుంబానికి చెందిన మెత్తటి రెక్కల పెంకుపురుగులు పుప్పొడి కోసం పూలల్లో తిరుగుతాయి కాబట్టి, పూతను తినేస్తున్నాయని చాలామంది అనుకుంటారు. కానీ వీటిలో కొల్లాప్స్ రకాలు పేనుబంకనూ, తెల్లదోమనూ, సీతాకోకచిలుకల్లాంటి రెక్కల పురుగుల గుడ్లనూ తింటాయి. అమెరికా పత్తి చేలల్లో వీటిని మిత్రపురుగులుగానే చూస్తారు. అన్ని పురుగులనూ చంపే మందు కొట్టిన చోట ఇలాంటివి ముందే మాయమై, పేనుబంక మళ్లీ విజృంభించడం నేను గమనించాను. చీడల ఫొటోలు చూపే వ్యవసాయ అధికారులు వీటినీ చూపించాలి. చేలో చీడతో పాటు మిత్రపురుగులనూ లెక్కించాకే స్ప్రే అవసరమో కాదో చెప్పాలి.