రామెన్ షాపులో ముందు అడగాల్సింది షోర్వా గురించి

సంపాదకులు గారికి నమస్కారం.

చెర్రీ పూల కాలం దగ్గర పడుతోందంటే మన హైదరాబాద్ ట్రావెల్ ఏజెన్సీల ప్రకటనల నిండా టోక్యో, క్యోటో, ఒసాకాలే. పత్రికల పర్యటన పేజీల్లో కూడా "అక్కడ రామెన్ తప్పక తినండి" అని ఒక మాట రాసి వదిలేస్తున్నారు. రామెన్ అంటే వేడి షోర్వాలో సేమ్యా వేసిచ్చే జపాన్ వంటకం. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్తే నీసు ముట్టనివాళ్లు తెలియక పంది ఎముకల రసం తాగేసే ప్రమాదం ఉంది. అందుకే ఈ ఉత్తరం.

రామెన్ గిన్నెను ఎలా నింపుతారో తెలిస్తే సగం చిక్కు తీరుతుంది. ముందుగా ఖాళీ గిన్నె అడుగున తారె అనే చిక్కటి ఉప్పటి రసం వేస్తారు, దాదాపు 30 మిల్లీలీటర్లు. దాని మీద ఒక చెంచా నూనె. ఆపైన మరుగుతున్న షోర్వా సుమారు 300 మిల్లీలీటర్లు. అందులోకి ఉడికించిన గోధుమ సేమ్యా వెళ్తుంది. చాషు అనే పంది మాంసం ముక్క, గుడ్డు, ఉల్లికాడలు, వెదురు మొలకలు చివరన పైన పేరుస్తారు. మనవాళ్లు చూసేది ఈ చివరి వరుసనే. "ఆ ముక్క తీసేసి ఇవ్వండి చాలు" అంటారు. ముక్క తీసేసినా షోర్వా పంది ఎముకలతోనో కోడి ఎముకలతోనో కాచిందే, నూనె చాలాసార్లు కోడి కొవ్వో పంది కొవ్వో. తారెలో తరచూ ఎండు చేపల సారం ఉంటుంది, కొన్ని షాపుల్లో చాషు ఉడికించిన సోయా రసాన్నే తారెగా వాడతారు. సేమ్యాలోనూ గుడ్డు కలిపే షాపులున్నాయి.

పేర్ల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. షోయు అంటే సోయా సాస్, షియో అంటే ఉప్పు, మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. ఈ మూడూ గిన్నె అడుగున పడే తారెకు సంబంధించిన పేర్లు, పైన పోసే షోర్వా దేనితో కాచారో వీటిలో ఎక్కడా ఉండదు. తొన్‌కొత్సు అనే పేరులోనే ఆ సంగతి తెలుస్తుంది. తొన్ అంటే పంది, కొత్సు అంటే ఎముక. కాబట్టి "మిసో రామెన్ కదా, సోయాతో చేసిందే కదా" అనుకుని తాగితే మోసపోయినట్టే. కూరగాయల రామెన్ అని రాసి ఉన్నా అంతే. క్యాబేజీ, మొలకలు గిన్నె నిండా కనిపిస్తాయి, కింద షోర్వా మాత్రం అదే.

పాత బస్తీలో తెల్లవారుజామున పాయా తాగే అలవాటున్నవాళ్లకు తొన్‌కొత్సు సంగతి వెంటనే అర్థమవుతుంది. పాయాను సన్నటి సెగ మీద రాత్రంతా ఉంచుతారు. తొన్‌కొత్సును పెద్ద మంట మీద గంటల తరబడి కుతకుత మరిగిస్తారు. ఆ ఉధృతికి మూలుగ, జిగురు, కొవ్వు నీళ్లలో చిలికినట్టు కలిసిపోయి షోర్వా పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు చూసి పాలో కొబ్బరిపాలో పోశారనుకునేవాళ్లుంటారు. పూర్తిగా ఎముకలదే.

శాకాహారులు "వెజిటేరియన్" అనే మాట మీద భరోసా పెట్టుకోవద్దు. అక్కడ ఆ మాటకు మాంసం ముక్కలు వద్దన్నంత అర్థమే చాలామంది తీసుకుంటారు, ఎండు చేపతో తీసే దషి అనే రసం లెక్కలోకి రాదు. పాలు, గుడ్లు సహా జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టమని చెప్పే "వీగన్" అనే మాట కాస్త నయం. అడగాల్సిన ప్రశ్న ఇది: "సూపు ని నికు యా సకానా వ హైత్తె ఇమాసు కా?" అంటే సూపులో మాంసం గానీ చేప గానీ ఉందా అని. "హై" అంటే ఉన్నట్టే, దండం పెట్టి బయటికి వచ్చేయాలి. షోర్వా మార్చి ఇవ్వడం వాళ్ల చేతిలో ఉండదు, అది ముందే పెద్ద గుండిగలో కాచి ఉంటుంది. ముందే వెతుక్కుంటే శాకాహార రామెన్ షాపులు దొరుకుతాయి. టోక్యో స్టేషన్‌లో టికెట్ గేట్ల లోపల ఉన్న టీస్ టాన్‌టాన్ పూర్తి వీగన్ షాపు. హలాల్ కావాల్సినవాళ్లకు అసకుసా ప్రాంతంలో హలాల్ రామెన్ దొరుకుతుంది. పంది లేనంత మాత్రాన హలాల్ అయిపోదు, తారెలో సాకె, మిరిన్ వంటి మద్యం పడుతుంది.

ఇక షాపులోకి అడుగు పెట్టాక. చాలా చోట్ల గుమ్మం పక్కనే టికెట్ మెషిన్ ఉంటుంది. ముందు డబ్బు వేయాలి, తర్వాతే బటన్లు వెలుగుతాయి. మన మెషిన్ల అలవాటుతో ముందు బటన్ నొక్కి, పని చేయట్లేదని నిలబడిపోతే వెనక వరుస పెరుగుతుంది. పైన ఎడమ చివర బటన్ సాధారణంగా ఆ షాపు పేరు నిలబెట్టిన రామెన్‌దే, ఏదీ తోచకపోతే అది నొక్కవచ్చు. చిల్లర కొన్ని మెషిన్లలో దానంతటదే రాలుతుంది, కొన్నింటిలో మీట తిప్పాలి. ఆ మీట తిప్పకుండా వెళ్లిపోతే డబ్బు పోయినట్టే. పాత మెషిన్లు 1,000 యెన్ల నోట్లు, నాణేలు తప్ప తీసుకోవు. 2024 జూలైలో కొత్త నోట్లు వచ్చాయి, వాటిని గుర్తించని మెషిన్లూ ఉన్నాయి. 10,000 యెన్ల నోటును పొద్దున్నే ఏ కన్వీనియన్స్ స్టోర్‌లోనో నీళ్ల సీసా కొని విడిపించుకోండి. మామూలు గిన్నె ధర 1,000 యెన్లకు అటూ ఇటూ ఉంటుంది.

టికెట్ చేతికివ్వగానే వాళ్లొక ప్రశ్న అడుగుతారు, మనవాళ్లు బిక్కమొహం వేస్తారు. ఫుకుఒకా నగరంలోని హకాతా ప్రాంతం పేరున్న తొన్‌కొత్సు తరహా షాపులో అది సేమ్యా ఎంత గట్టిగా ఉండాలన్న ప్రశ్న. యొకొహామాలో పుట్టిన ఇయెకెయ్ తరహాలో గట్టిదనంతో పాటు ఉప్పు, నూనె ఎంతన్నది కూడా అడుగుతారు. అన్నింటికీ "ఫుత్సూ" అంటే చాలు, మామూలుగా అని. గిన్నెను కొండలా నింపే జిరో అనే తరహా షాపుల్లో చిన్న గిన్నె అన్నదాంట్లోనే 300 గ్రాముల దాకా సేమ్యా ఉంటుంది, పెద్దది చెప్పి వదిలేస్తే వాళ్లకు చాలా బాధ.

మన వన్ బై టూ అక్కడ నడవదు. మనిషికో గిన్నె చెప్పాల్సిందే. ఎనిమిదో పదో కుర్చీలుండే కౌంటర్ అది, ఒక్కో కుర్చీ మీదే వాళ్ల బతుకు. మిగిలింది పార్సిల్ కట్టరు. సంచిలోంచి కారప్పొడి, ఆవకాయ సీసా తీయకూడదు, కౌంటర్ మీద మిరియాల పొడి, వెల్లుల్లి, మిరప నూనె ఉంటాయి. అవి కూడా ఒక చెంచా షోర్వా రుచి చూశాకే వేసుకోవాలి. సేమ్యా వేడి రసంలో నాని నిమిషాల్లో ఉబ్బి మెత్తబడుతుంది, అందుకే ఫొటోలు ఒకటి రెండుతో ఆపి పది నిమిషాల్లో తినేయడం మంచిది. జుర్రుమని చప్పుడు చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. నోట్లోకి గాలి కలిసి వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకు అందుతుంది. హకాతా షాపులో ఇంకాస్త తినాలంటే షోర్వా మిగుల్చుకుని "కయెదమా" అనాలి, ఉత్త సేమ్యా ఇంకో దఫా వేస్తారు. టిప్పు ఇవ్వకూడదు, ఇచ్చినా వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగిస్తారు.

బీపీ ఉన్న పెద్దవాళ్లు షోర్వా మొత్తం తాగవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటుంది, ఒక్క గిన్నె అడుగుదాకా తాగితే దాదాపు అంతా లోపలికి వెళ్తుంది. షోర్వా వదిలేయడం అక్కడ తప్పు కాదు.

పన్నెండు మందితో వెళ్లే టూర్ బృందాల గురించి ఏజెన్సీలకు ఒక మాట. అందరినీ ఒకేసారి చిన్న షాపు ముందు దించకండి. ఇద్దరిద్దరుగా, మధ్యాహ్నం 12 నుంచి 1 దాకా ఉండే ఆఫీసు రద్దీ తప్పించి, 11 గంటలకో 2 గంటలకో పంపండి. చంటిపిల్లలున్న కుటుంబాలకు బల్లలుండే ఫ్యామిలీ రెస్టారెంట్లే సుఖం. "ఇండియన్ వెజ్ దొరుకును" అని షెడ్యూల్‌లో రాసేముందు ఏ షాపులో, ఏ వంటకమో పేరుతో సహా రాయండి. మూడు పూటలు అరటిపండ్లు, బిస్కెట్లతో గడిపే పెద్దవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మీ పత్రికకు ఒక మనవి. ఈసారి జపాన్ గురించి రాసినప్పుడు పక్కనే ఒక చిన్న పెట్టెలో "మాంసం, చేప, ఎముకల రసం, దషి తినను" అన్న వాక్యాన్ని జపనీస్ లిపిలో అచ్చు వేయండి, పాఠకులు కత్తిరించి పర్సులో పెట్టుకుంటారు. లిపి జపనీస్‌దే ఉండాలి. కౌంటర్ అవతల గుండిగల చప్పుడులో మన ఉచ్చారణ వంటవాడికి అందకపోయినా, చీటీ చూపిస్తే ఒక్క చూపులో అర్థమైపోతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
తార్నాక, హైదరాబాద్