ఏడు ఓట్ల సంగతి

ఒరేయ్ రాజూ,

ఆలస్యమైంది, తిట్టుకో, పడతాను. ఇక్కడంతా క్షేమం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, చిన్నాడి పరీక్షలు అయిపోయాయి. కుశలప్రశ్నలు ఇంతటితో సరి, అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేట్టుంది.

నువ్వు రాశావు కదా, 1932–33లో, సోవియట్ పాలన కింద ఉక్రెయిన్‌లో వచ్చిన కరువుకి ఇప్పుడు చట్టసభల్లో తీర్మానాలేమిటి, ఓ నిమిషం లేచి నిలబడితే చాలదా అని. చాలదురా. 2006 నవంబరు 28న కీవ్‌లో, వాళ్ళ పార్లమెంటు రాడాలో ఏం జరిగిందో విను.

సభ్యులు 450 మంది. బిల్లు నెగ్గాలంటే 226 ఓట్లు రావాలి. వచ్చినవాళ్ళలో సగం కాదు, మొత్తం సభలో సగం దాటాలి. అంటే వద్దని చెప్పక్కర్లేదు, బటన్ నొక్కకుండా కూచుంటే చాలు, బిల్లు చచ్చినట్టే. మెస్ కమిటీలో బుజ్జిగాడి ఎత్తు! (ఈ ముక్క వాడికి చదివి వినిపించకు. మళ్ళీ బఠాణీల గొడవ మొదలెడతాడు.)

అధ్యక్షుడు యూష్చెంకో పంపిన బిల్లు ఆ కరువుని, వాళ్ళు హొలొదొమోర్ అంటారు, జాతిహననం అంది. ప్రధాని యనుకోవిచ్ పార్టీకి 186 మంది. వాళ్ళు 'విషాదం' అంటే చాలన్నారు. కమ్యూనిస్టులు 21 మంది, ఒక్కడూ రాడు. యూష్చెంకో వర్గం నుంచి 79 ఓట్లు, ప్రతిపక్షంలో ఉన్న తిమోషెంకో వర్గం నుంచి 118, కలిపితే 197. ఇంకా 29 కావాలి. ఎక్కణ్ణుంచి తెస్తారు?

స్పీకర్ మొరోజ్ సోషలిస్టు. యనుకోవిచ్ కూటమిలోవాడే. ఆయనే ముసాయిదా సవరించాడు: 'ఉక్రెయిన్ జాతి' అన్నచోట 'ఉక్రెయిన్ ప్రజలు' వచ్చింది. హొలొదొమోర్‌ని బహిరంగంగా కాదనడం చట్టవిరుద్ధం అన్న మాట ఉంది గానీ శిక్షేమిటో ఎక్కడా లేదు. అలా మెత్తబరిచాక 30 మంది సోషలిస్టులు బటన్ నొక్కారు. స్వతంత్రులు నలుగురు, యనుకోవిచ్ పార్టీనుంచే గీత దాటినవాళ్ళు ఇద్దరు. మొత్తం 233. కావలసినదానికి ఏడే ఎక్కువ! దాదాపు 39 లక్షల మంది చచ్చిన సంగతి ఏడు ఓట్లతో గట్టెక్కిందంటే...

సరే, ఆ ఒక్క మాటకి అంత పట్టుదలెందుకంటే, 1948 ఐరాస ఒప్పందం ప్రకారం జాతిహననం అనాలంటే ఒక జాతినో మతాన్నో తుడిచిపెట్టాలన్న ఉద్దేశం చూపించాలి. పంట పోయిందనో, అధికారులు మొరటువాళ్ళనో అంటే కుదరదు. అందుకే అప్పటి సోవియట్ ప్రభుత్వ కాగితాలు ముందు పెడతారు. 1932 ఆగస్టు 7 చట్టం: సమష్టి క్షేత్రంలో, అంటే రైతుల భూములన్నీ కలిపేసిన పొలంలో, దొంగతనానికి కాల్చివేత, కనికరిస్తే పదేళ్ళు. కోత అయ్యాక మిగిలిన కంకులేరుకున్నవాళ్ళ మీదా దాన్నే పెట్టారు. జనం దానికి 'ఐదు కంకుల చట్టం' అని పేరు పెట్టారు. నవంబరు 18 ఉత్తర్వు: ప్రభుత్వానికి ధాన్యం కోటా ఇవ్వనివాళ్ళకి మాంసం జరిమానా, 15 నెలల కోటా ఒక్కసారే. గింజలు అప్పటికే పోయాయి, ఇప్పుడు ఆవూ పోయింది, దాంతో పాలూ పోయాయి. ధాన్యం కోటా మాత్రం రద్దు కాలేదు. కోటా కట్టలేక నల్లజాబితాకెక్కిన ఊళ్ళో అంగడి సరుకంతా ఎత్తుకుపోయేవాళ్ళు, అమ్మకాలు, కొనుగోళ్ళు బంద్, పాత అప్పులు వెంటనే కట్టాలి.

వీటన్నిటికన్నా నాకు గట్టిగా కనిపించేది 1933 జనవరి 22 ఆదేశం. స్టాలిన్, సోవియట్ ప్రధాని మొలోతొవ్ సంతకాలు. ఉక్రెయిన్ నుంచీ కుబాన్ నుంచీ రైతులు బయటికి పోకూడదు, రైలు టిక్కెట్లివ్వకూడదు. కుబాన్ రష్యాలోదే, కానీ అక్కడున్నవాళ్ళు ఎక్కువమంది ఉక్రెయినీయులు. గీత ఎక్కడ గీశారో చూశావా?

అవతలి వాదనా తేలిగ్గా తీసెయ్యలేం. కజకిస్తాన్‌లో, వోల్గా తీరంలో కూడా లక్షల్లో పోయారు. 2010లో యనుకోవిచ్ అధ్యక్షుడయ్యాక అదే పట్టుకుని ఇది అందరి ఉమ్మడి విషాదం అన్నాడు. చట్టాన్ని మాత్రం రద్దు చెయ్యలేదు. ఐరోపా పార్లమెంటు 2008లో 'మానవాళిపై నేరం' దగ్గర ఆగిపోయింది. జాతిహననం అనడానికి 2022 డిసెంబరు 15 దాకా పట్టింది. దానికి రెండువారాల ముందే జర్మనీ సభ అనేసింది.

తీర్మానం వేరు, చట్టం వేరని మరిచిపోకు. 2008లో కెనడా చేసింది చట్టం. జేమ్స్ బెజాన్ అనే సభ్యుడి ప్రైవేటు బిల్లు. దాంతో నవంబరు నాలుగో శనివారం ఏటా స్మరణదినం, ఎవరి ప్రభుత్వమున్నా. ఉక్రెయిన్‌లోనూ ఆరోజే. సాయంత్రం నాలుగింటికి మౌనం, తర్వాత కిటికీల్లో దీపాలు. ఆ దీపాల ఆలోచన జేమ్స్ మేస్‌ది. 1988లో అమెరికన్ కాంగ్రెస్‌కి ఈ కరువు మీద నివేదిక తయారుచేసిన కమిషన్‌ని నడిపింది ఆయనే. తర్వాత కీవ్‌లో స్థిరపడ్డాడు.

వాషింగ్టన్ స్మారకం కథ ఇంకా ఉంది. కాంగ్రెస్ 2006లో అనుమతిచ్చింది, ఆవిష్కరణ 2015 నవంబరులో. స్థలం అమెరికాది, కట్టే బాధ్యత ఉక్రెయిన్‌ది, అందుకని... ఉండు, టపా కట్టేసే వేళయింది, కవరింకా అంటించలేదు. మిగతాది వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ
శీను