పాత ఫోన్లపై కొత్త బరువు

సంపాదకులకు నమస్కారం.

నాలుగేళ్లుగా వాడుతున్న నా ఫోను, గత నెల అప్‌డేట్ వేసుకున్న మర్నాటి నుంచి మొరాయిస్తోంది. రైతుబజారులో కూరలు తూయించుకుని క్యూఆర్ కోడ్ ముందు పెడితే, కెమెరా తెరుచుకునేలోగా వెనకవాళ్లు విసుక్కుంటున్నారు. డాబాగార్డెన్స్‌లో రిపేరు కుర్రాడు చూసి, ‘మెమరీలో ఖాళీ ఏదండీ, ఊపిరాడక చస్తోంది’ అన్నాడు. ఫొటోలు, వీడియోలు తీసేశాక కొంత తేరుకుంది, పూర్తిగా కాదు.

అప్‌డేట్ కాగానే ఫోను తన ఫైళ్లను లోలోపల సర్దుకుంటుంది కనుక ఒకటి రెండు రోజుల మందకొడితనం సహజమే. కొత్త హంగులు పాత ప్రాసెసర్‌కు బరువవడమూ నిజమే. అంతా కుట్ర అనను. అయితే బ్యాటరీ అరిగిన ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా సాఫ్ట్‌వేర్ ద్వారా వాటి వేగాన్ని తగ్గిస్తున్నట్టు యాపిల్ 2017 డిసెంబరులో స్వయంగా ఒప్పుకుంది. ఆ సంగతి కొనుగోలుదారులకు చెప్పనందుకు ఫ్రాన్స్‌లో 2020లో 2.5 కోట్ల యూరోల జరిమానా పడింది. వేగం తగ్గించడంలో కన్నా ఆ సంగతి దాచడంలోనే తప్పు ఉందని నా అభిప్రాయం.

భద్రత కోసం అప్‌డేట్ మానుకోలేం. కాబట్టి భద్రతా సవరణలను హంగుల నుంచి విడదీసి ఇవ్వాలని, పాత మోడళ్లపై వాటి ప్రభావాన్ని ముందే తెలుగులో తెలపాలని కంపెనీలను ప్రభుత్వం ఆదేశించాలి.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం