మిషన్‌కి పరీక్ష ఉంది, తెరకి లేదు మంత్రి గారూ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఏ ఆసుపత్రో చెప్పను, చెబితే తెల్లారేసరికి మెమో వస్తుంది, పైగా ఇది మా ఒక్క ఆసుపత్రి గొడవా కాదు.

మా దగ్గర డిజిటల్ ఎక్స్‌రే ఉంది. మిషన్‌కి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లైసెన్సు, క్యూఏ అనే నాణ్యత పరీక్ష రిపోర్టు, అన్నీ ఫైల్లో పక్కాగా ఉన్నాయి. మరి డాక్టరు గారు ఆ ఎక్స్‌రే చూసే మానిటరో? ఆఫీసుల్లో ఉత్తరాలు టైపు చేసుకునే రకం, కంప్యూటర్‌తో పాటు వచ్చింది. దాన్ని ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు, పరీక్షించాలని మా ఫైల్లో ఏ కాగితంలోనూ లేదు.

మొన్న చలికాలంలో టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలో పనిచేసే ఒకాయన దగ్గుతో, ఆయాసంతో వచ్చాడు. ఎక్స్‌రే తీశాను. మా తెర మీద ఊపిరితిత్తులు బాగానే ఉన్నట్టు కనిపించాయి, మందులు రాసి పంపేశారు. తగ్గక మళ్లీ వస్తే అదే ఇమేజ్‌ని సీడీలో వేసి విశాఖ పంపాం. అక్కడి తెర మీద రెండు వైపులా పైభాగంలో గసగసాలు జల్లినట్టు మచ్చలున్నాయట, సిలికోసిస్, అంటే రాతి ధూళి పీల్చడంతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, అనుమానమన్నారు. ఆ జబ్బులో మరీ సన్న మచ్చలైతే ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండవు. మా డాక్టరు గారిని ఏమంటాం, కనిపించనిది ఆయన మాత్రం ఎలా చెబుతారు?

ఆ రాత్రి డ్యూటీలో తెరల్ని పరీక్షించడానికి వాడే టీజీ18-క్యూసీ అనే టెస్ట్ ప్యాటర్న్ బొమ్మని డౌన్‌లోడ్ చేసి మా మానిటర్ మీద వేశాను, ఉచితంగానే దొరుకుతుంది. అందులో నల్ల గడి మధ్య కాస్త తక్కువ నలుపు గడి, తెల్ల గడి మధ్య కాస్త తక్కువ తెలుపు గడి ఉంటాయి. తెల్లదాంట్లోది కనిపించింది. నల్లదాంట్లో కళ్లు చికిలించి చూసినా మొత్తం తారు పూసినట్టే ఉంది. క్వాలిటీ కంట్రోల్ అనే ఇంగ్లీషు అక్షరాలు రానురాను మసకబారే పట్టీ ఒకటుంటుంది, నల్ల భాగంలో మొదటి నాలుగక్షరాల తర్వాత ఇక నాకు ఏమీ కనపడలేదు.

నలుపు నుంచి తెలుపు దాకా ప్రతి మెట్టూ కంటికి సమానంగా తోచాలన్నది వైద్య చిత్రాలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం డైకామ్‌లోని పార్ట్ 14. మామూలు మానిటర్‌ని అలా సరిచేసి పంపరు, అందుకే నల్లటి చోట మెట్లన్నీ కలిసిపోతాయి. వెలుతురు చూస్తే, రిపోర్టు రాసే తెరకి చదరపు మీటరుకి కనీసం 350 క్యాండెలాలు (వెలుతురు కొలత), మామోగ్రఫీకి, అంటే రొమ్ము ఎక్స్‌రేకి, 420 ఉండాలని అమెరికా రేడియాలజీ కాలేజీ చెబుతుంది. మాదాని డబ్బా మీదే 250 అని ఉంది, అదీ కొత్తప్పుడు. రాత్రీ పగలూ వెలుగుతూ ఉంటే ఏటా ఇంకాస్త తగ్గుతుంది. దానికి తోడు ఎదురుగా పడమటి కిటికీ, సాయంత్రమైతే తెర మీద పేషెంటు గుండె కన్నా డాక్టరు గారి తెల్ల కోటే బాగా కనిపిస్తుంది. అదే తెరని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెద్ద డాక్టర్లకి పంపుతాం చూడండీ, చారలు చారలుగా, దాని గురించి చెప్పకపోవడమే మేలు.

అన్ని గదుల్లోనూ 5 మెగాపిక్సెల్ తెరలు పెట్టమనడం లేదు సార్, అవి మామోగ్రఫీకి. ఛాతీ ఎక్స్‌రేలు చదివి రిపోర్టు రాసే టేబుల్ మీద 3 మెగాపిక్సెల్‌ది ఒకటి చాలు. ఎక్స్‌రే టెండర్‌లోనే తెర సంగతి కూడా రాయించండి: డైకామ్ పార్ట్ 14 ప్రకారం సరిచేసి ఇవ్వాలి, వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీ వాళ్లే వచ్చి మళ్లీ సరిచేయాలి, బిగించిన రోజు టెస్ట్ ప్యాటర్న్ వేసి చూశాకే సంతకం పెట్టాలి. జిల్లా మొత్తానికి ఒక్క వెలుతురు కొలిచే మీటరు కొని బయోమెడికల్ ఇంజినీరు చేతికిస్తే మూడు నెలలకోసారి అన్నీ తిరిగొస్తాడు. మిషన్ ఖరీదు ముందు ఇదెంత?

ఈసారి ఇటు వచ్చినప్పుడు ఏ ఆసుపత్రిలోనైనా ఆ ప్యాటర్న్ వేయించి నల్ల గడిలో ఏం కనిపిస్తుందో మీరే చూడండి, రెండు నిమిషాల పని. పడమటి కిటికీకి పాత చీర కట్టి ఉంటే ఆ గది మాదే.

ఇట్లు,
ఒక ఎక్స్‌రే టెక్నీషియన్, శ్రీకాకుళం జిల్లా