బతుకమ్మ వీడియోల్లో అసలు గొంతులను తీసివేయవద్దు

సంపాదకులకు నమస్కారాలు.

మొన్న సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర మా ఇంటి ఆడవాళ్లు ఆడిన బతుకమ్మను మా మేనల్లుడు ఫోన్లో చిత్రీకరించి, ఇంట్లో కంప్యూటరు మీద ఎడిటింగ్ చేసి, మరునాడు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బొమ్మ చక్కగానే వచ్చింది. కానీ గుండ్రంగా తిరుగుతున్న ఆడవాళ్ల పెదవులు ఒక పాటకు కదులుతుంటే, వినిపించేది ఎక్కడో స్టూడియోలో తయారైన డీజే పాట. చప్పట్లు ఒక లయలో పడుతుంటే పాట మరో లయలో పరుగెడుతోంది. ఇదేమిటని అడిగితే, "గాలి మోత బాగా వచ్చింది మామా, అందుకే అసలు సౌండ్ తీసేసి పాట పెట్టిన" అన్నాడు.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పుట్టినరోజులు, ఏ వీడియో చూసినా ఇదే వరస. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి విరమణ పొందినవాడిని. బంధువుల వీడియోలను బాగుచేయడం కొన్నేళ్లుగా నాకు కాలక్షేపం. శబ్దంలో వచ్చే లోపాల్లో చాలావాటికి స్పష్టమైన కారణం ఉంటుందని, కారణం తెలిస్తే ఇంట్లోనే, డబ్బు ఖర్చు లేకుండా, వాటిని సరిచేసుకోవచ్చని, పాట కప్పి దాచవలసిన అవసరం చాలా అరుదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఆ గాలి మోత సంగతి. ఫోను మైకుకు గాలి తగిలినప్పుడు వచ్చే గరగర ఎక్కువగా అడుగు స్థాయి పౌనఃపున్యాలలో ఉంటుంది. ఆడవాళ్ల గొంతు సాధారణంగా 160 హెర్ట్జ్‌కు పైనే మొదలవుతుంది. కాబట్టి ఒక హద్దుకు దిగువనున్న ధ్వనిని తగ్గించే హై పాస్ ఫిల్టరును 120 హెర్ట్జ్ దగ్గర పెడితే మోతలో పెద్ద భాగం పోతుంది, పాట నిలుస్తుంది. మేనల్లుడి దగ్గర అసలు ఫైలు ఇంకా ఉండబట్టి, 2000 సంవత్సరం నుంచి ఉచితంగా దొరుకుతున్న ఆడాసిటీ అనే ప్రోగ్రాములో దాన్ని తెరిచి ఈ పని చేశాను. వీడియో ఫైలును ఆడాసిటీలో నేరుగా తెరవాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత లైబ్రరీని కూడా కంప్యూటరులో పెట్టుకోవాలి; ఈ ఒక్క మెట్టు దగ్గరే చాలామంది విసిగి వెనుదిరుగుతారు. ఆ తరువాత ఎవరూ పాడని రెండు క్షణాల భాగాన్ని ఎంచి, అందులోని రొదను నమూనాగా చూపించి, నాయిస్ రిడక్షన్‌ను కొద్దిగా, అంటే 6 నుంచి 12 డెసిబెల్‌ల మేరకు మాత్రమే వాడాను. ఇంకా పెంచితే మనిషి నీళ్లలో మునిగి మాట్లాడినట్టు వినిపిస్తుంది. కొత్తవాళ్లు చేసే తప్పు అక్కడే: రొద పూర్తిగా పోవాలన్న పట్టుదలతో గొంతును కూడా పోగొడతారు. చెవికి కొంచెం గాలి తగిలితే తప్పేమిటి? గుట్ట కింద మైదానంలో గాలి ఉండదా?

ఇప్పుడు మాటను మాత్రమే మిగిల్చి తక్కినదంతా తొలగించే కృత్రిమ మేధ పరికరాలు కూడా వచ్చాయి. ఉపన్యాసానికి అవి బాగానే పనికొస్తాయి గానీ, బతుకమ్మకు వాడితే చప్పట్లను, పెళ్లి ఊరేగింపుకు వాడితే డప్పును రొద కింద లెక్కగట్టి ఊడ్చేసే ప్రమాదం ఉంది. చప్పట్లు లేని బతుకమ్మ పాట ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇక అందరినీ ఎక్కువగా బాధించేది, పెదవులకూ మాటకూ పొంతన కుదరకపోవడం. దీనిలో రెండు రకాలున్నాయని, రెండింటి వైద్యం వేరువేరని గుర్తిస్తే సగం పని అయినట్టే. వీడియో మొదట్లో ఒక చప్పట్టును, చివర్లో ఒక చప్పట్టును తీసుకుని చేతులు తాకిన ఫ్రేముకూ (వీడియోలోని ఒక్కొక్క నిశ్చల చిత్రాన్ని ఫ్రేము అంటారు) శబ్దానికీ ఎంత తేడా ఉందో చూడాలి. సినిమా వాళ్లు క్లాప్ బోర్డు కొట్టేది ఇందుకే. మనకు బతుకమ్మే ఆ సౌకర్యాన్ని ప్రతి అడుగుకూ ఇస్తోంది. మొదట, చివర తేడా సమానంగా ఉంటే ధ్వనిని ఆ మేరకు ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుంది. ఎంత జరపాలో ముందే తెలుసుకోవడానికి వీఎల్‌సీ ప్లేయరులో జె, కె మీటలు ఉన్నాయి. ఒక్కోసారి నొక్కితే శబ్దం 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. తేడా మొదట్లో లేకుండా పోనుపోను పెరుగుతుంటే మాత్రం ఎంత జరిపినా లాభం లేదు. చాలా ఫోన్లు వెలుతురును బట్టి సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను మార్చుకుంటూ పోతాయి, ఎడిటింగ్ ప్రోగ్రాములు కొన్ని ఆ సంఖ్య స్థిరంగా ఉందనుకుని లెక్క వేస్తాయి. రాత్రిపూట దీపాల వెలుగులో తీసిన బతుకమ్మ వీడియోల్లో ఈ ఇబ్బంది తరచుగా కనబడడానికి కారణం ఇదే. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాములో స్థిరమైన ఫ్రేమ్ రేటు ఎంచుకుని ఫైలును ఒకసారి మార్చుకున్న తరువాతనే ఎడిటింగ్ మొదలుపెట్టాలి. సెకనుకు 29.97 ఫ్రేములతో తీసినదాన్ని 30గా లెక్కించినా గంటకు సుమారు 3.6 సెకన్ల తేడా వస్తుంది, అంటే మంగళసూత్రం కట్టిన తరువాత గట్టిమేళం మోగుతుంది.

కంప్యూటరు తప్పు కాని తేడా కూడా ఒకటుంది. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది కాబట్టి, 34 మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీస్తే శబ్దం సెకనులో పదోవంతు ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది రెండున్నర ఫ్రేములు. మైదానంలో మన కళ్లు దీన్ని పట్టించుకోవు గానీ, జూమ్ చేసిన బొమ్మ దగ్గరగా కనిపించేసరికి చప్పట్టు ఆలస్యమైనట్టు తెలిసిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ధ్వని వేగం పాఠం చెప్పినన్నాళ్లూ ఇంత మంచి ఉదాహరణ నాకు తట్టలేదు.

నన్ను నాలుగు రోజులు తిప్పలుపెట్టిన లోపం మరొకటి. బంధువుల ఇంటి నిశ్చితార్థం వీడియోలో పురోహితుని మంత్రాలు హెడ్‌ఫోన్‌లో బోలుగానైనా వినిపించేవి. అదే ఫైలును ఫోన్లో పెడితే మంత్రాలు మాయమై వంటశాల చప్పుళ్లు మాత్రమే మిగిలేవి. ఫైలు చెడిపోయిందనుకున్నాను. చివరికి ఆడాసిటీలో రెండు ఛానెళ్ల తరంగాలను పెద్దవిగా చేసి చూస్తే, ఎడమది పైకి లేచినచోట కుడిది కిందికి దిగుతోంది. ఫంక్షన్ హాలులోని మైకు మిక్సరు నుంచి వచ్చే బ్యాలెన్స్‌డ్ కేబులును, అంటే ఒకే ధ్వనిని ఒక తీగలో నేరుగా, మరో తీగలో తలకిందులుగా మోసే కేబులును, కెమెరా స్టీరియో సాకెట్టుకు సరైన అడాప్టరు లేకుండా కలిపినందువల్ల ఇలా జరుగుతుంది. ఫోనులో ఎడమ కుడి ధ్వనులు కలిసిపోగానే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఒక ఛానెలును తీసివేసి రెండోదాన్నే రెండు చెవులకూ ఇచ్చేసరికి మంత్రాలు వచ్చాయి. పట్టుమని నిమిషం పని.

పాత క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు వచ్చే గుయ్యిమనే హోరు మన కరెంటుదే. దాని పౌనఃపున్యం 50 హెర్ట్జ్, దానితోపాటు 100, 150 హెర్ట్జ్ దగ్గర కూడా వినిపిస్తుంది. ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు మొదట్లోనే తప్పిపోతుంది, లేకుంటే ఆ మూడు చోట్ల, ఒక్క పౌనఃపున్యాన్ని మాత్రమే తగ్గించే నాచ్ ఫిల్టరు పెట్టాలి.

బాగుపడనిది కూడా ఉందని ఒప్పుకోవాలి. డీజే బాక్సుల ముందు నిలబడి తీసినప్పుడు శబ్దం మైకు పట్టగలిగిన హద్దు దాటి, తరంగం తల తెగి చదునుగా పడుతుంది. తెగిపోయిన భాగాన్ని ప్రోగ్రాము ఊహించి అతికించగలదే గానీ తిరిగి తేలేదు. నాలుగడుగులు వెనక్కి జరగడం, రికార్డింగు శబ్ద మట్టాన్ని మార్చుకునే వీలున్న కెమెరా అయితే పెద్ద శబ్దాలు కూడా మైనస్ 12 డెసిబెల్‌ల దగ్గర, అంటే ఆ హద్దుకు 12 డెసిబెల్‌ల దిగువన, ఆగేలా పెట్టుకోవడం తప్ప దీనికి మందు లేదు.

మా జిల్లాల ఫోటో, వీడియో స్టూడియోల వారికి ఒక మనవి. మాకు తెలిసిన ఒక స్టూడియో వారు మా అమ్మాయి పెళ్లి వీడియోలో అప్పగింతల వేళ మా అమ్మ పాడిన పాట మీద సినిమా పాట కప్పి ఇచ్చారు. అసలు రికార్డింగు కావాలని ఆరు నెలల తరువాత వెళితే చెరిపేశామన్నారు. అమ్మ ఇప్పుడు లేదు. సినిమా పాటలు పెట్టవద్దని నేననడం లేదు, పెళ్లివారే అడిగి పెట్టించుకుంటారు. ఎడిట్ చేసిన వీడియోతో పాటు, ఏ పాటా కలపని అసలు ఫైళ్లను కూడా పెన్‌డ్రైవులోనో హార్డ్ డిస్కులోనో ఇవ్వాలని మాత్రమే కోరుతున్నాను. పెళ్లివారు కూడా బయానా ఇచ్చే రోజే ఈ మాట కాగితం మీద రాయించుకోవాలి. ఇంట్లో ఎడిటింగ్ చేసే పిల్లలు అసలు ఫైలు మీద కాకుండా దాని నకలు మీదే పని చేయాలి, వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపితే అది కుదించుకుపోకుండా చేరుతుంది.

మీ పత్రికకూ ఒక విన్నపం. కొత్త ఫోన్ల ధరలు, వాటి కెమెరాల మెగాపిక్సెళ్ల గురించి మీరు తరచుగా రాస్తున్నారు. అదే పుటలో వారానికి ఒక చిన్న శీర్షికను ఇంటి వీడియోల శబ్దాన్ని సరిచేసుకునే పద్ధతులకు కేటాయించి, పాఠకులు పంపే ప్రశ్నలకు జవాబులు ఇప్పించగలరు. వచ్చే ఎంగిలిపూల బతుకమ్మకు ముందుగానే మొదలుపెడితే మరీ మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
హనుమకొండ