పేగుల్లోని బ్యాక్టీరియా గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి,

షుగర్, ఫ్యాటీ లివర్ గురించిన వ్యాసాలు చాలావరకు మందులు, కేలరీల దగ్గరే ఆగిపోతున్నాయి, పేగుల్లోని బ్యాక్టీరియా మాటే ఉండదు. మనకి అరగని పీచుని పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్, ప్రొపియొనేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తుంది, బ్యుటిరేట్ పేగు గోడ కణాలకి ఇంధనం, పైగా ఈ ఆమ్లాలు ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1 హార్మోన్ విడుదలకి తోడ్పడతాయి, బరువు తగ్గడానికి ఇప్పుడు అందరూ అడుగుతున్న ఇంజెక్షన్లు అనుకరించేది ఆ హార్మోన్‌నే! పీచు లేకపోతే కొన్ని రకాల బ్యాక్టీరియా పేగు గోడ మీది జిగురు పొరనే తినేస్తుందని ఎలుకల్లో చూశారు.

2012లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు సన్నగా ఉన్నవాళ్ల పేగు బ్యాక్టీరియాని మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట చుట్టూ కొవ్వు, బీపీ, షుగర్ లాంటివి కలిసి ఉండే స్థితి) ఉన్న మగవాళ్లకి ఎక్కిస్తే 6 వారాలకి ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. తర్వాతి పరిశోధనలో ఆ మేలు ఎక్కువకాలం నిలవలేదు. అందుకే రోజూ తినే తిండి మీద దృష్టి పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఒక్క క్యాప్సూల్‌తో షుగర్ మాయమవుతుందనే ప్రకటనలు చూస్తే ఒళ్లు మండుతుంది, అవి నమ్మి మందులు మానేస్తే ప్రాణం మీదకొస్తుంది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మందు కూడా పేగు బ్యాక్టీరియాని మారుస్తుంది, ఈ సంగతి ఎంతమందికి తెలుసు? దయచేసి డాక్టర్లతో వివరంగా రాయించండి. పీచు ఒకేసారి పెంచితే గ్యాస్, ఉబ్బరం వస్తాయి కాబట్టి మెల్లగా పెంచమని కూడా చెప్పించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు