వైరస్ ఉన్నా చెకప్‌లు ఆపొద్దు

మన ఆస్పత్రి సిబ్బంది అందరికీ నమస్తే. కోవిడ్ రోజుల్లో చాలాచోట్ల జరిగిన పొరపాటు గర్భిణుల మామూలు చెకప్‌లు వాయిదా వేయడం. వైరస్ తగ్గేదాకా బీపీ ఆగదు కదా! కాన్పులోపు కనీసం 8 సార్లు చూడాలని డబ్ల్యూహెచ్‌ఓ 2016లోనే చెప్పింది. వాటిలో కొన్ని ఫోన్‌లో కానిచ్చేయొచ్చు. రక్తపరీక్ష, స్కాన్ మాత్రం ఫోన్‌లో అవ్వవు.

అప్పట్లో ఎనిమిదో నెల అమ్మాయి ఒకామె "కొంచెం తలనొప్పి మేడమ్, అంతే" అంది. ఇంట్లో మిషన్ ఉంటే బీపీ చూడమన్నాను. 160/110, అంటే ప్రమాదకరంగా ఎక్కువ! అప్పటికప్పుడు రప్పించాం.

అందుకే "బాగున్నారా" అని అడిగి ఫోన్ పెట్టేయకండి. తలనొప్పి, చూపు మసకబారడం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం... ఒక్కొక్కటీ విడిగా అడగండి. ఒక్కటున్నా అపాయింట్‌మెంట్ లేకుండానే రమ్మనండి.

కాన్పు గదిలోకి లక్షణాలు లేని ఒక తోడు మనిషిని మాస్క్‌తో రానివ్వాలి. దీని మీద గొడవపడాల్సి వచ్చినా సరే. తల్లికి పాజిటివ్ వచ్చినంత మాత్రాన బిడ్డను వేరుచేయక్కర్లేదు, మాస్క్ పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వొచ్చు.

రేపు ఫోన్లు ఎవరు చూస్తారో సాయంత్రంలోపు ఇక్కడే చెప్పండి.